బుధవారం రెండుసార్లు తెల్లారింది

ఇమ్మానుయేల్‌కు కళ్లు తెరుచుకోవడం ఒకటి, తెలివి రావడం ఇంకొకటి. ఆ రెండింటి నడుమ ఎంతసేపు పట్టేదో అతనికే తెలియదు. లేచి కూర్చునేవాడు. చెప్పులు వేసుకునేవాడు. ఒక్కోసారి తలుపు తీసుకుని వాకిట్లోకి కూడా వచ్చేవాడు. అప్పటికీ అది పొద్దునో సాయంత్రమో, తను డ్యూటీకి పోవాలో డ్యూటీ నుంచే వచ్చాడో అంతుపట్టేది కాదు. గోడను, తలుపును, దండెం మీది బట్టలను కొత్తగా చూసేవాడు. ఎవరైనా ఒక మాట పలకరిస్తే తప్ప ఆ మబ్బు విడిపోయేది కాదు.

అతనికి అప్పుడు నలభై ఆరేళ్లు. కొల్లాపూర్ అవతల, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఎత్తిపోతల పంపుహౌస్‌లో ఆపరేటర్. కాంట్రాక్టు కొలువు. ఒక వారం పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా, మరో వారం రెండు నుంచి రాత్రి పది దాకా, ఇంకో వారం పది నుంచి తెల్లవారి ఆరు దాకా. ఒంటికి ఒక వేళ అలవాటయ్యే లోపలే ఆ వేళ మారిపోయేది. ఎండాకాలంలో ఫర్వాలేదు, నదిలో నీళ్లు అడుగంటి మోటార్లు ఊరికే ఉంటాయి. వానాకాలం వరద మొదలైతే మాత్రం రాత్రింబవళ్లు నీళ్లు ఎత్తాల్సిందే. గంట గంటకూ మీటర్లు చూసి పుస్తకంలో రాయాలి. బేరింగులు వేడెక్కుతున్నాయేమో చూడాలి. తూగితే కుదరదు. ఆరేళ్లలో ఇమ్మానుయేల్ పంపుహౌస్‌లో ఒక్కసారి కూడా తూగలేదు. ఆ మాట చెప్పుకునేటప్పుడు అతని గొంతులో కొంచెం గర్వం కూడా ఉండేది. అక్కడ ఆపుకున్న నిద్రంతా ఇంటికి వచ్చాక ఒక్కసారే మీద పడేది.

ఆ నిద్రలోంచి లేచి అతను చేసిన పనులు మొదట్లో ఇంట్లో నవ్వులకు పనికొచ్చాయి. ఒకనాడు సాయంత్రం ఆరింటికి లేచి, తెల్లారిందనుకుని, బ్రష్ నోట్లో పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఎదురింటివాళ్లు పొయ్యి మీద రాత్రి వంట పెడుతున్నారు. భార్య విజయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంకోసారి సాయంత్రం పొద్దుమీకి టిఫిన్ డబ్బా తగిలించుకుని పొద్దుటి డ్యూటీకని బండి మీద పంపుహౌస్‌కు పోయాడు. డ్యూటీలో ఉన్న శేఖర్ అతన్ని చూసి, "ఏంది అన్నా, రేపటి డ్యూటీ ఈరోజే చేస్తవా?" అన్నాడు. ఇద్దరూ చాయ్ తాగి నవ్వుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో బండి ఆపి ఇమ్మానుయేల్ కాసేపు ఒక్కడే నిలబడ్డాడు. తను పన్నెండు కిలోమీటర్లు బండి నడుపుకుంటూ పోయాడు. పడమట పొద్దు గుంకుతుంటే అది తూర్పు అనుకున్నాడు. ఆ సంగతి శేఖర్‌కు చెప్పలేదు, విజయమ్మకూ చెప్పలేదు.

ఇంట్లో తల్లి జమ్ములమ్మ ఉంది. డెబ్బై దాటాయి. గద్వాల దగ్గరి ఊళ్లో పుట్టి, అక్కడి అమ్మవారి పేరు పెట్టుకున్న మనిషి. పెళ్లయ్యాక బాప్తిస్మం తీసుకున్నప్పుడు రూతమ్మ అని పేరు మార్చారు గానీ ఆ పేరుతో పిలిస్తే ఆమె పలికేది కాదు. భర్తతో కలిసి వయసులో ఉన్నన్నాళ్లూ మేస్త్రీల వెంట దేశం తిరిగింది. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, ఎక్కడ మట్టి ఎత్తే పని ఉంటే అక్కడికి. ఇమ్మానుయేల్ కూడా ఏదో కాలువ పని దగ్గర గుడిసెలోనే పుట్టాడు. ఏ ఊరని అడిగితే ఆమె, "కర్ణాటక దిక్కు" అనేది, అంతే.

ఆమెకు షుగరు వచ్చి పన్నెండేళ్లు. గోళీలతో ఆగక, రెండేళ్లుగా ఇంజక్షన్ మీద ఉంది. రోజుకు ఒక్కసారి, పొద్దున తిండికి ముందు, ఇరవై యూనిట్లు. ఆమెకు చూపు ఆనదు. విజయమ్మకు సూది అంటేనే చేతులు వణుకుతాయి. అందుకని రెండిళ్ల అవతల ఉండే ఆశ వర్కర్ అనిత ఇమ్మానుయేల్‌కు నేర్పింది. మందు సీసా అరచేతుల్లో ఎట్లా దొర్లించాలో, గీత దగ్గర ఎట్లా ఆపాలో, పొట్ట మీద చర్మం ఎట్లా పట్టుకోవాలో. అతను మోటారు పని ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడో ఇదీ అంత శ్రద్ధగా నేర్చుకున్నాడు. పొద్దుటి డ్యూటీ ఉన్న వారం అయిదింటికే లేచి, ఇంజక్షన్ వేసి, ఆమె ముందు పళ్లెం పెట్టి పోయేవాడు. రాత్రి డ్యూటీ వారం, వచ్చీ రాగానే చెప్పులు విడిచి చేతులు కడుక్కునేవాడు. "నీ చెయ్యి తగిలినట్టే ఉండదు నాయినా" అనేది జమ్ములమ్మ.

ఆమెకు ఈమధ్య మతిమరుపు కూడా మొదలైంది. వేసుకున్న గోళీ మళ్లీ అడిగేది. తిన్న సంగతి మరిచేది. "అది నిన్నటి ముచ్చటమ్మా", "గోళీ ఇందాకనే ఇచ్చిన" అని ఇమ్మానుయేల్ సర్దిచెప్పేవాడు. "అట్లనా? నాకేం యాదికి ఉంటలేదు" అని ఆమె ఒప్పుకునేది. కొడుకు ఏది చెబితే అదే నిజం అనుకోవడం ఆమెకు అలవాటైంది.

ఆ ఏడు ఆగస్టులో వరద పెద్దగా వచ్చింది. అదే నెలలో విజయమ్మ అయిజకు పోయింది. అక్కడ ఆమె అన్న విత్తనపత్తి వేస్తాడు. పూలకు పుప్పొడి అంటించే క్రాసింగ్ పని రెండు మూడు నెలలు ఉంటుంది, చేతులు ఎన్ని ఉన్నా చాలవు. కూతురు ప్రవళిక వనపర్తిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఇంట్లో తల్లీ కొడుకులు ఇద్దరే.

పంపుహౌస్‌లో ఒక ఆపరేటర్ కామెర్లు వచ్చి మంచాన పడ్డాడు. అతని బదులు మనిషి దొరకలేదు. సోమవారం మధ్యాహ్నం రెండింటికి ఎక్కిన ఇమ్మానుయేల్ మంగళవారం పొద్దున ఆరింటికి దిగాడు. ఇంటికి వచ్చి, తల్లికి ఇంజక్షన్ వేసి, ఉప్మా చేసి పెట్టి, మూడు గంటలు పడుకున్నాడో లేదో లేచి మళ్లీ రెండింటికి డ్యూటీ ఎక్కాడు. దిగింది బుధవారం పొద్దున ఆరింటికి.

ఆ పొద్దున కూడా అన్నీ పద్ధతి ప్రకారమే చేశాడు. ఏడున్నరకు ఇంజక్షన్ వేశాడు. రవ్వ ఉడికించి పెట్టాడు. జమ్ములమ్మ సగం తిని, చాలంది. అతను తినలేదు. గిన్నె కడగకుండానే ఒరిగిపోయాడు.

బయట ముసురు పట్టింది. మధ్యలో కరెంటు పోయింది. పదకొండు గంటల ప్రాంతంలో కరెంటు వచ్చి, ఫ్యాను ఒక్కసారిగా మోత మొదలుపెట్టింది. ఆ మోతకు ఇమ్మానుయేల్ ఉలిక్కిపడి లేచాడు. మోటారు స్టార్టయిందని అనుకున్నాడు. తర్వాత అది ఇల్లని తెలిసింది. గది నిండా మసక. కిటికీలోంచి వెలుతురు బూడిద రంగులో వస్తోంది. వాన చప్పుడు తప్ప వీధిలో అలికిడి లేదు. ఒళ్లు ఎంత బరువుగా ఉందంటే, ఒక పగలూ ఒక రాత్రీ పడుకుని లేచినట్టు ఉంది.

తెల్లారుతోంది అనుకున్నాడు. గురువారం అనుకున్నాడు. నిన్న డ్యూటీకి పోకుండా పడుకుండిపోయానా అని అనుమానం వచ్చింది. తర్వాత, కాదు, పోయి వచ్చాననే అనుకున్నాడు. ఏదీ తేలలేదు. తేలిందల్లా ఒక్కటే. పొద్దున లేవగానే చేయాల్సిన పని ఒకటి ఉంది.

చేతులు కడుక్కున్నాడు. ఫ్రిజ్ తలుపులోంచి సీసా తీశాడు. అరచేతుల్లో దొర్లించాడు. కొత్త సిరంజి విప్పి, ఇరవై గీత దగ్గర ఆపాడు. అతని చేతులు ఏమాత్రం తడబడలేదు.

మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న జమ్ములమ్మ అతన్ని చూసి, "ఏందిరా?" అంది.

"ఇంజక్షనమ్మా."

"ఇందాక ఏసినవు గద?"

"అది నిన్న."

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "నిన్ననా?" అంది. "రవ్వ తిన్న యాది ఉన్నదే."

"అదీ నిన్ననే. తెల్లారిందమ్మా."

"ఏమో నాయినా. నాకేం తెలుస్తది" అని ఆమె చీర పక్కకు జరిపింది.

అతను ఇంజక్షన్ వేశాడు. సిరంజిని మూలనున్న పాలడబ్బాలో వేశాడు. "జర కూసో. ఉప్మా చేస్త" అని చెప్పి, స్టవ్ దగ్గరికి పోబోతూ, ఒక్క నిమిషం తల తిరిగినట్టయి తన మంచం అంచున కూర్చున్నాడు. ఆ కూర్చోవడమే.

రెండోసారి అతన్ని లేపింది స్టీలు గ్లాసు కిందపడిన చప్పుడు. అప్పుడు ఒంటిగంటన్నర. జమ్ములమ్మ మంచం మీద పక్కకు ఒరిగి ఉంది. చెయ్యి కిందికి వేలాడుతోంది. దగ్గరికి పోయి పట్టుకుంటే ఒళ్లంతా చల్లటి చెమట, రవిక తడిసి ముద్దయింది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి గానీ చూపు ఎక్కడో ఉంది.

"తట్ట దించుండ్రి" అంటోంది. "మెడ ఇరుగుతున్నది. దించుండ్రి."

"అమ్మా! ఎవరమ్మా? నేను, ఇమ్మానును!"

ఆమె గుర్తుపట్టలేదు. అతను వానలోనే పరుగెత్తి అనిత ఇంటి తలుపు బాదాడు. అన్నం ముందు కూర్చున్న అనిత ఎంగిలి చేత్తోనే లేచి వచ్చింది. జమ్ములమ్మను చూస్తూనే, "చక్కెర తే అన్నా, జల్ది" అంది. నీళ్లు పొయ్యలేదు, గొంతుకు అడ్డం పడుతుందని. చక్కెర తడిపి వేలితో చెంప లోపల రుద్దింది. రుద్దుతూనే అడిగింది.

"ఇంజక్షన్ ఏసినవా?"

"ఏసిన."

"ఎప్పుడు?"

ఇమ్మానుయేల్ కిటికీ వైపు చూశాడు.

"ఎప్పుడన్నా? తిన్నదా ఏమన్న?"

"తెల్లారంగనే ఏసిన. ఉప్మా చేద్దామని కూసున్న... నిద్ర పట్టింది."

"తెల్లారంగ ఏస్తే గిప్పుడెందుకు ఇట్లయితది?" అని అనిత మూలకు చూసింది. పాలడబ్బా మూత తీసే ఉంది. వారానికొకసారి వాడిన సిరంజిలన్నీ తీసుకుపోయి సబ్‌సెంటర్‌లో ఇచ్చేది ఆమే. "నిన్న మాపటికే డబ్బా ఖాళీ చేస్కపోయిన. ఇందుల రెండెందుకు ఉన్నయ్?"

"ఒకటి నిన్నటిది. ఒకటి ఇయ్యాల్టిది."

"ఇయ్యాల ఏం వారం?"

"గురువారం."

అనిత చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "బుధారం అన్నా" అంది మెల్లగా. "ఇయ్యాల బుధారం."

తర్వాత ఏం చేశాడో అతనికి సరిగ్గా గుర్తు లేదు. అంబులెన్స్‌కు ఫోను చేసిందీ, అది వచ్చేదాకా ఆగకుండా వీధి చివరి ఆటోను పిలిచిందీ అనితే. ఆటోలో తల్లి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె చెమటకు అతని ప్యాంటు తడిసింది. దారి పొడుగునా అతను ఒకటే లెక్క వేసుకుంటున్నాడు. సోమవారం, మంగళవారం, బుధవారం. మళ్లీ మొదటి నుంచి.

దవాఖానలో వేలికొసన చుక్క రక్తం తీసి చూస్తే షుగరు ముప్పై ఎనిమిది, ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. చేతికి గ్లూకోజు ఎక్కించారు. పావుగంట గడిచాక జమ్ములమ్మ కళ్లు తిప్పింది. ఇంకాసేపటికి, "నా చెప్పులేవి?" అంది. అనిత ఆ మాట వినగానే గోడకు చేరగిలబడి ఏడ్చింది. ఇమ్మానుయేల్ ఏడవలేదు. అతనికి ఏడుపు కూడా రాలేదు.

డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "ఇంజక్షన్ ఎవరు ఇస్తారు ఇంట్లో?"

ఇమ్మానుయేల్ ముందుకు జరిగేలోపే మంచం మీంచి జమ్ములమ్మ గొంతు వినిపించింది. "నా కొడుకు ఏస్తడు బిడ్డా. వానిదేం తప్పు లేదు. నాకే మతి లేదు. ఎయ్యలేదని నేనే మల్ల ఏయించుకున్న."

డాక్టరు అతనివైపు చూసింది. అతను తల్లివైపు చూశాడు. ఆమె కళ్లు మూసుకుంది. ఇక మాట్లాడనని చెప్పినట్టు. ఆ ఒక్క మాటతో అంతా సర్దుకుపోయేది. ముసలామె మరిచిపోయింది, కొడుకు నమ్మాడు. ఎవరూ ఎవరినీ తప్పుపట్టరు.

"కాదు మేడం" అన్నాడు ఇమ్మానుయేల్. "ఆమె చెప్పింది. ఇందాకనే ఏసినవు అని చెప్పింది. నేనే ఇనలేదు. తెల్లారిందని చెప్పి ఏసిన."

డాక్టరు పెన్ను పక్కన పెట్టింది. కోపగిస్తుందనుకున్నాడు. "ఎంతసేపు పడుకున్నారు మీరు?" అని అడిగింది.

అతను వేళ్లు లెక్కపెట్టాడు. "సోమవారం నుంచి మొత్తం ఏడు గంటలు ఉండొచ్చు మేడం."

ఆమె మళ్లీ పెన్ను అందుకుంది. "మందు ప్రభావం రాత్రి దాకా ఉంటది. పొద్దున వరకు ఇక్కడే ఉంచుదాం" అంది. పోతూ పోతూ ఆగి, "ఇంజక్షన్ పని కొన్నాళ్లు ఇంకెవరికన్నా అప్పజెప్పండి. మీరు చెడ్డవాళ్లని కాదు. మీరు నిద్రలో ఉన్నారు, అందుకని" అంది.

ఆ సాయంత్రం వార్డు కొంచెం సద్దుమణిగాక జమ్ములమ్మ కొడుకును దగ్గరికి పిలిచింది. అతను మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పినవురా?"

"నువ్వెందుకు అబద్ధం చెప్పినవు?"

ఆమె అతని తల మీద చెయ్యి వేసింది. తర్వాత తన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. అతను ఎప్పుడూ వినని సంగతి.

"మేం మేస్త్రీ ఎంట పొయ్యేటప్పుడు నెలకో జాగ. లారీల ఎక్కితే ఏడ దించుతరో తెల్వదు. రాత్రి దిగుతుంటిమి. తెల్లారి లేస్తే ఏ ఊరో, ఏ దిక్కు నీళ్లున్నయో, ఏ దిక్కు రాళ్లున్నయో ఏం తెల్వదు. ఒకపారి గట్లనే లేసి, పాత జాగల వాకిలి ఏ దిక్కుంటుండెనో ఆ దిక్కు నడిచిన. కొత్త జాగల ఆ దిక్కు గుంత తవ్విండ్రు. నువ్వు కడుపుల ఉన్నవు. మీ నాయిన రెక్క పట్టి గుంజకపోతే పోతుంటి."

"మరి ఎట్ల?"

"అప్పటి నుంచి మెలకువ రాంగనే లేస్తలేకుంటి. కండ్లు తెరిచి అట్లనే పండుకుంటుంటి. ఏ జాగ? పక్కన ఎవరున్నరు? నిన్న పొద్దుమీకి ఏం తిన్న? ఈ మూడు తెలిసినంక కాళ్లు కింద పెడుతుంటి. తెల్వకుంటే మీ నాయినను అడుగుతుంటి. అడిగేతందుకు సిగ్గెందుకు? నువ్వు నన్ను అడగకపోతివి. నాకే చెప్పినవు, తెల్లారిందని."

అతను ఆమె మంచం పట్టీకి నుదురు ఆనించి అప్పుడు ఏడ్చాడు.

మర్నాడు పొద్దున తల్లిని ఇంటికి పంపించారు. మధ్యాహ్నం విజయమ్మ వచ్చింది. అయిజ నుంచి గద్వాలకు, అక్కడి నుంచి వనపర్తికి, అక్కడి నుంచి కొల్లాపూర్‌కు బస్సులు మారుకుంటూ. వేళ్ల కొసలకు పుప్పొడి పసుపు ఇంకా అంటే ఉంది. వస్తూనే అత్త మొహం తుడిచి, తల దువ్వి, సంచిలోంచి తీసిన కొత్త చీర కట్టింది. అంతసేపూ మొగుడితో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నీ అయ్యాక వరండాలోకి వచ్చింది.

"నిన్ననే నాకెందుకు ఫోన్ చెయ్యకపోతివి? అనిత చెప్తే తెలిసింది నాకు."

"ఏమని చెయ్యాలె?"

ఆమె ఒకసారి లోపలికి చూసి, గొంతు తగ్గించింది. "నువ్వు పొద్దుమీకి లేసి బ్రష్ చేస్తుంటే నేను నవ్విన" అంది. "పక్కింటోళ్లకు గూడ చెప్పి నవ్విన. నవ్వే ముచ్చట కాదని నాకు తెల్వకపాయె."

"నాకు తెలుసు" అన్నాడు ఇమ్మానుయేల్. "నేనే చెప్పకపోతిని." అప్పుడు మొదటిసారి ఆమెకు చెప్పాడు, పొద్దుగుంకేవేళ పన్నెండు కిలోమీటర్లు బండి నడిపిన సంగతి.

క్రాసింగ్ సగంలో ఆపి వస్తానని విజయమ్మ పట్టుబట్టింది. జమ్ములమ్మ ఒప్పుకోలేదు. చివరకు అనితే మార్గం చెప్పింది. విజయమ్మ తిరిగి వచ్చి సూది వేయడం నేర్చుకునేదాకా, పొద్దున ఇళ్లు తిరగడానికి బయలుదేరేముందు తనే వచ్చి ఇంజక్షన్ వేస్తుంది. ఇమ్మానుయేల్ సిరంజి ముట్టడు. ఆ మాట అనడానికి ఆమెకు ఇబ్బందిగా ఉండి కొంచెం నసిగింది. అతనే పూర్తి చేశాడు. "ముట్టనమ్మా. నువ్వే సీసా మీ ఇంట్ల పెట్టుకో."

పంపుహౌస్‌లో అతను అడిగినది విని శేఖర్ నమ్మలేదు. వారం వారం మారే పద్ధతి వద్దు, రాత్రి డ్యూటీ మొత్తం తనకే ఇచ్చేయమని అడిగాడు ఇమ్మానుయేల్.

"రాత్రులన్నీ నువ్వే తీసుకుంటే మాకు పండగే గదన్నా" అన్నాడు శేఖర్. "పగలు మేం చూస్కుంటం. కానీ నీకేం ఫాయిదా? రాత్రి మేలుకొనుడే గద మనిషిని పాడుచేసేది."

"మేలుకొనుడు కాదు శేఖర్. మారుడు. రోజూ ఒక్కటే తీరుగ ఉంటే ఒంటికి తెలుస్తది. ఏదో ఒక పూట నాదని ఉండాలె."

సూపర్‌వైజర్ మొదట కుదరదన్నాడు. ఇమ్మానుయేల్ దాచకుండా జరిగింది జరిగినట్టు చెప్పాడు. డబల్ డ్యూటీ ఇక చేయనని కూడా చెప్పాడు. చేస్తే తన చేతుల్లో ఉన్న మోటార్లకు కూడా తను పూచీ పడనన్నాడు. సూపర్‌వైజర్ చివరకు, "నీళ్లు ఆగకుంటే చాలు, మీరు మీరు మాట్లాడుకోండ్రి" అన్నాడు.

అట్లా అతనికి ఒక పూట దొరికింది. పొద్దున ఎనిమిదింటికి పడుకుని మూడింటికి లేవడం. కిటికీకి నల్ల గుడ్డ కుట్టించి వేశాడు. ఫోను అనిత ఇంట్లో పెట్టేవాడు. కళ్లు తెరుచుకోగానే లేవకుండా తల్లి చెప్పినట్టు అట్లాగే పడుకుని మూడు సంగతులు వెతుక్కునేవాడు. కొన్నిసార్లు అవి వెంటనే దొరికేవి. కొన్నిసార్లు దొరికేవి కావు. అప్పుడు సిగ్గుపడకుండా, "అమ్మా, ఏం వారం?" అని అడిగేవాడు. ఆమెకూ తెలిసేది కాదు చాలాసార్లు. "ఆగు" అని వాకిట్లోకి పోయి, పోయేవాళ్లను అడిగి వచ్చి చెప్పేది.

బతుకు గాడిన పడింది. కానీ ఒకటి మాత్రం అతన్ని వదల్లేదు. ఆటోలో జమ్ములమ్మను తీసుకుపోవడం వీధంతా చూసింది. వార్డులో ఆమె అన్న మాట ఎవరో విన్నారు. నెల తిరిగేసరికి అందరూ ఒకటే చెప్పుకోసాగారు. ముసలామెకు మతి పోయిందట, ఒకసారి వేశాక మళ్లీ వేయించుకుని చావు దాకా పోయిందట, పాపం ఆ కొడుకు ఎట్లా వేగుతున్నాడో అని. జమ్ములమ్మ ముందే అనేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది. చిన్నపిల్లకు చెప్పినట్టు గట్టిగా, మెల్లమెల్లగా మాట్లాడుతుంటే కూడా ఊరుకునేది.

అక్టోబరులో ఒక ఆదివారం చర్చిలో కృతజ్ఞత చెల్లించాలని ఆమె కోరింది. విజయమ్మ అయిజ నుంచి వచ్చేసింది, ప్రవళికకు సెలవులు. అందరూ పోయారు. పాటలయ్యాక పాస్టరు సాక్ష్యం చెప్పడానికి రమ్మని ఇమ్మానుయేల్‌ను పిలిచాడు. లేస్తుంటే జమ్ములమ్మ అతని చెయ్యి పట్టుకుని, "దేవుడు బతికిచ్చిండని చెప్పు. అంతే చాలు" అంది.

అతను ముందుకు పోయి మైకు పట్టుకున్నాడు. ఎప్పుడూ నలుగురిలో మాట్లాడినవాడు కాదు.

"దేవుడు మా అమ్మను బతికిచ్చిండు" అన్నాడు. "కానీ ఆమెకు మతి పోయిందని మీరంతా అనుకుంటున్నరు. ఆమెకు మతి ఉన్నది. నాకే లేకుండె. ఇప్పుడే ఏసినవు గద అని ఆమె అన్నది. నేను నిద్రల ఉండి, అది నిన్న అన్న. నా మాట నమ్మి ఆమె పొట్ట చూపించింది. నేను రెండుసార్లు ఏసిన."

అంత చెప్పి, మైకు ఇచ్చేసి వచ్చి కూర్చున్నాడు. స్తోత్రం అనాల్సిన చోట ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు.

ప్రార్థన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే బుజ్జమ్మ అతని దగ్గరికి వచ్చింది. ఆడపిల్లల హాస్టల్లో రాత్రి కాపలా ఉండే మనిషి. "తమ్ముడూ" అంది, "నాకు గూడ గట్లనే అయితది. లేవంగనే మా ఆయన ఏడున్నడని ఇల్లంత దేవులాడుత. ఆయన పోయి నాలుగేండ్లాయె. ఎవరికీ చెప్పలే నేను." అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

గేటు దగ్గర చైతన్య నిలబడి ఉన్నాడు. మామిడికాయల సీజనులో లారీ తోలుతాడు. ఇద్దరికీ పెద్దగా పరిచయం కూడా లేదు. "అన్నా" అని పిలిచి, అటూ ఇటూ చూసి, "పోయిన ఎండాకాలం నేను కండ్లు తెరిచేటాల్లకు స్టీరింగు నా చేతుల్నే ఉండె. రోడ్డు నడుస్తుండె. ఎంత దూరం అట్ల వచ్చిననో నాకు తెల్వదు" అన్నాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు అతనికి. "ఇంట్ల చెప్తే బండి తోలనియ్యరు."

"చెప్పు" అన్నాడు ఇమ్మానుయేల్. "ఇయ్యాల్నే చెప్పు. ఎవరో ఒకరికి తెలిసి ఉండాలె."

ఇంటికి పోతూ ఆటోలో జమ్ములమ్మ కొడుకు వైపు తిరిగింది. విజయమ్మ, ప్రవళిక వెనక్కి తిరిగి చూశారు గానీ కల్పించుకోలేదు.

"గంతమందిల చెప్పాల్నా?" అంది.

"చెప్పకుంటే నిన్ను పిచ్చిదాన్ని చేస్తున్నరమ్మా."

"చేస్తే చేసిరి. నేనింకెన్నొద్దులుంట? నువ్వు ఈ ఊర్ల తిరగాలె. రేపు బిడ్డకు పెండ్లి చెయ్యాలె. అందుకని నా మీద ఏసుకున్న."

"తెలుసు" అన్నాడు అతను.

కొడుకు తప్పు తన మీద వేసుకోవడం ఆమెకు కష్టం కాలేదు. దాన్ని అతను తిరిగి తీసుకోవడమే ఆమెకు మింగుడు పడలేదు. ఇంటి ముందు ఆటో ఆగాక, ఎదురింటి ఆమె గడపలోంచే గట్టిగా, మెల్లమెల్లగా, "జమ్ములమ్మా... చర్చికి... పోయొచ్చినవా?" అని అడిగింది.

"సక్కగ మాట్లాడవే" అంది జమ్ములమ్మ. "నాకు ఇనొస్తది." ఆ మాట అని, కొడుకు భుజం పట్టుకుని ఆటో దిగింది.